శివరాత్రి నుంచి మృగశిర దాకా: తిరుపతి, చిత్తూరు ఎండల్లో కూరగాయల సాగు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వేసవి తోటలు ఎండిపోవడానికి ఎండ ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా పోయే తోటల్లో ఎక్కువ భాగం మే నెల రాకముందే దెబ్బతిని ఉంటాయి. విత్తనం ఆలస్యంగా పడడం ఒక కారణమైతే, ఉన్న నీటికి మించిన నేలను సాగులోకి తేవడం రెండో కారణం. ఫిబ్రవరిలో మొలిచి, మార్చి ఆఖరుకు అడుగు లోతు వేరు దింపుకున్న బెండ మొక్క 42 డిగ్రీల ఎండలోనూ కాపు ఇస్తుంది. అదే విత్తనం ఏప్రిల్ నడుమ వేస్తే రెండాకుల దశలోనే కాగిన నేల మీద మాడిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పనులన్నిటికీ ఉద్దేశం ఒక్కటే: కర్తరి వచ్చేలోపు వేరును లోతుకు దించాలి, ఆ వేరు చుట్టూ ఉన్న మట్టిని వర్షాలు పడేదాకా చల్లగా, తడిగా నిలపాలి.

ముందుగా మీ ఊరు ఎంత ఎత్తున ఉందో గమనించండి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నేల ఇంకా పల్లం. పలమనేరు, కుప్పం, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ తేడా వల్ల పై ప్రాంతాల్లో పగటి వేడి కొంత తక్కువగా ఉంటుంది, రాత్రిళ్లు బాగా చల్లబడతాయి. టమాటాకు ఇది ప్రాణావసరం. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 డిగ్రీలకు దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోయి పూత రాలిపోతుంది. మండు వేసవిలోనూ మదనపల్లె మార్కెట్టుకు టమాటా రావడానికి ఆ ఎత్తు ఇచ్చే చల్లదనం ఒక ముఖ్య కారణం. అక్కడి రైతు చెప్పిన సలహాను తిరుపతిలో ఉన్నవారు ఉన్నదున్నట్టు పాటిస్తే నీళ్లు, శ్రమ రెండూ వృథా అవుతాయి. పల్లపు ప్రాంతంలో టమాటాను నవంబరులో నాటి మార్చిలోపు కోసుకోవాలి. ఏప్రిల్ తర్వాత ఆ నీటిని ఎండను ఓర్చే పంటలకు మళ్లించడమే మంచిది. పితికిపప్పుకు పనికొచ్చే అనప కూడా చలికాలపు పంటే, పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకు వస్తుంది గనుక దాన్ని వేసవిలో వేయకూడదు.

విత్తే కాలం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అంటారు. వేసవి తోటకు విత్తనం వేయాల్సిన రోజులు సరిగ్గా అవే. ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి మొదటి వారం వరకు నేల మొలకకు కావలసినంత వెచ్చబడుతుంది, మొలకను మాడ్చేంత వేడి మాత్రం ఇంకా ఎక్కదు. బెండ, మన వైపు మటిక్కాయ అని పిలిచే గోరుచిక్కుడు, అలసంద, బీర, కాకర, సొర, దోస, గుమ్మడి విత్తనాలను ఈ రోజుల్లో నేరుగా మడిలోనే వేయాలి, ఎందుకంటే వీటి తల్లివేరు తొలి వారాల్లోనే లోతుకు దిగుతుంది. నారు పెరికి నాటితే ఆ వేరు తెగి మొక్క పైపై వేళ్లతోనే బతకాల్సి వస్తుంది. వంగ, మిరప మాత్రం నారు పోసి నాటేవే. వాటి నారు జనవరిలోనే పోసుకుంటే ఫిబ్రవరి నడుమకల్లా నాటడానికి సిద్ధమవుతుంది.

ఆలస్యమైనవారు మార్చి ఆఖరున మొక్కలు నాటాల్సి వస్తే, సాయంత్రం పొద్దు వాలిన తర్వాతే నాటి, ఒక్కో మొక్కకు పడమటి పక్కన కొబ్బరి మట్టో వేప మండో గుచ్చి వారం రోజులు నీడ పట్టాలి. ఏప్రిల్ రెండో వారం దాటితే కాయగూరల జోలికి వెళ్లకుండా, నీడ కింద ఆకుకూరలతో సరిపెట్టుకోవడం మేలు.

ఉన్న నీటికి తగిన నేల

ఒక మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరు నేలకు ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో ఆకు బాగా కమ్ముకున్న మడి నుంచి ఎండ, గాలి కలిసి రోజుకు సుమారు 6 నుంచి 7 మిల్లీమీటర్ల నీటిని లాగేస్తాయి. అంటే చదరపు మీటరు మడికి రోజుకు ఆరేడు లీటర్లు కావాలి. మట్టి మీద మందంగా ఆకు, గడ్డి పరిచి, మధ్యాహ్నం నీడ కల్పిస్తే నాలుగైదు లీటర్లతో నెట్టుకురావచ్చు. మీ ఇంటి బోరు నుంచి, వంటింటి నుంచి కలిపి రోజుకు నిశ్చయంగా మిగిలేది 100 లీటర్లయితే, మీ వేసవి తోట 20 చదరపు మీటర్లకు మించకూడదు. మిగులు నీటిని లెక్కించేటప్పుడు ఫిబ్రవరి బోరును కాక మే నెల బోరును గుర్తుంచుకోవాలి. ఏటా మే నెలలో మీ బోరు ఎంతసేపు ఆడి ఆగిపోతుందో మీకే తెలుసు. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. నేల మిగిలి ఉందని అంతా విత్తేసి, మే నెలలో సగం తోటను చేజేతులా ఎండబెట్టుకోవడం కన్నా, చిన్న మడిని చివరిదాకా పచ్చగా నిలుపుకోవడంలోనే ఫలితం ఉంటుంది.

నీటి గుణం కూడా చూడాలి. మన బోర్ల నీటిలో చాలాచోట్ల ఉప్పు ఎక్కువ. మడి అంచుల్లో, కుండీ అంచుల్లో తెల్లటి పొర కట్టడం దానికి గుర్తు. అలాంటి చోట బీన్సు రాదు. గోరుచిక్కుడు, అలసంద, పాలకూర మాత్రం ఆ నీటిని కొంతవరకు ఓర్చుకుంటాయి. రోజూ పైపైన కాసిని నీళ్లు చల్లుతుంటే ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుపోతుంది గనుక, పది పదిహేను రోజులకు ఒకసారైనా నీళ్లు బాగా లోతుకు దిగేలా పెట్టి ఆ ఉప్పును కిందికి కడిగివేయాలి. నీళ్లను శుద్ధి చేసే ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీటిలో ఉప్పు బోరు నీటికన్నా ఎక్కువగా ఉంటుంది. దాన్ని కుండీలకు రోజూ పోయడం మంచి పద్ధతి కాదు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.

మడి తయారీ

వానాకాలంలో మనం ఎత్తు మడులు కడతాం. వేసవిలో దానికి తలకిందులుగా, నేల మట్టానికి జానెడు లోతుగా ఉండే పల్లపు మడులు చేయాలి. ఎత్తు మడిని వేడిగాలి నాలుగు వైపుల నుంచి ఆరబెడుతుంది. పల్లపు మడిలో పోసిన ప్రతి బొట్టూ అక్కడే ఇంకుతుంది, చుట్టూ ఉన్న గట్టు లేత మొక్కలకు గాలి తగలకుండా అడ్డుపడుతుంది. తీగ జాతులకు మాత్రం రెండు మీటర్ల ఎడంతో మూరెడు వెడల్పు, మూరెడు లోతు పాదులు తవ్వి, అడుగున ఎండాకులు, పైన మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి నింపుకోవాలి.

మన ఎర్ర గరప నేలలు నీటిని త్వరగా తాగి త్వరగా వదిలేస్తాయి. దీనికి ఇక్కడి రైతులు తరతరాలుగా వాడుతున్న మందు చెరువు మట్టి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వేల సంఖ్యలో చెరువులున్నాయి, వేసవి ముదిరేకొద్దీ వాటి అడుగున నల్లటి ఒండ్రు బయటపడుతుంది. అనుమతి ఉన్నచోట నుంచి ఆ మట్టిని తెచ్చి, పెళ్లలు చిదిపి, ఎండబెట్టి, మడి పైజానెడు మట్టిలో నాలుగో వంతుకు మించకుండా కలిపితే నేల తడిని పట్టి ఉంచే గుణం స్పష్టంగా పెరుగుతుంది. మోతాదు మించితే తడిసినప్పుడు బంకగా, ఎండినప్పుడు పగుళ్లుగా మారుతుంది. ఈ ఏడు తెచ్చిన మట్టి ఈ ఏటి మడికే అందాలంటే చెరువు ముందుగా ఎండాలి. లేకుంటే మే నెలలో తెచ్చి నిల్వ చేసుకుని వచ్చే వేసవికి వాడుకోవాలి.

పశువుల ఎరువు పూర్తిగా మాగినదై ఉండాలి. పచ్చి పేడ మట్టిలో వేడి పుట్టిస్తుంది, చెదలను పిలుస్తుంది. చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోల మాగిన ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి సరిపోతాయి. పైపాటుగా జీవామృతం వాడేవారు ఇంటి మడికి తగినంతే చేసుకోవచ్చు: 10 లీటర్ల నీటిలో అరకిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పుపిండి, పిడికెడు గట్టు మట్టి కలిపి నీడలో రెండు రోజులు ఉంచి, ఉదయం సాయంత్రం కలియతిప్పి, తడి నేల మీదే పోయాలి. యూరియా వంటి ఎరువులను పొడి నేలకు వేసి ఎండకు వదిలేస్తే వేళ్లు మాడతాయి. ఎండ ముదిరిన రోజుల్లో వాటిని మానుకోవడమే ఉత్తమం.

నీరు పెట్టే తీరు

తెల్లవారుజామున, ఏడు గంటల్లోపు నీరు పెట్టడం అన్నిటికన్నా మంచిది. అప్పటికి నేల చల్లబడి ఉంటుంది, నీటి తొట్టి చల్లబడి ఉంటుంది, ఎండ ఎక్కేలోపు మొక్క కడుపునిండా తాగుతుంది. సాయంత్రం నాలుగు గంటలకు మిద్దె మీది తొట్టి నీళ్లు చేతికి కాలేంత వేడిగా ఉంటాయి. ఎండలో పడి ఉన్న నల్ల పైపులో నిలిచిన నీళ్లు ఇంకా వేడిగా ఉంటాయి. సాయంత్రం పెట్టక తప్పనప్పుడు పైపులోని తొలి నీళ్లను బకెట్టులోకి పట్టి, చేతికి చల్లగా తగిలాకే మొక్క వైపు తిప్పాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు సొర, గుమ్మడి, వంగ ఆకులు వేలాడబడితే కంగారుపడి నీళ్లు పోయనక్కరలేదు. వేళ్లు అందించే నీటికన్నా ఆకు వదిలే నీరు ఎక్కువైనప్పుడు మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి అది. పొద్దు గూకిన గంటకు ఆకులు మళ్లీ నిలబడితే నేలలో తడి ఉన్నట్టే. తెల్లవారేసరికి కూడా వాలి ఉంటే ఆ మొక్కకు నిజంగా దప్పిక. ఇంకా సందేహముంటే, పైన పరిచిన ఆకును పక్కకు జరిపి చూపుడువేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. వేలికి చల్లదనం తగిలి, మట్టి అంటుకుని వస్తే ఆ పూటకు నీరు అవసరం లేదు. పొడిగా రాలిపోతే పెట్టాల్సిందే.

మొలకల దశలో రోజూ కొద్దికొద్దిగా ఇచ్చినా, మొక్క జానెడు ఎత్తు దాటాక నీటి మధ్య ఎడం పెంచుతూ, పెట్టినప్పుడు లోతుకు దిగేలా పెట్టాలి. మార్చి నెలంతా ఇలా చేస్తే వేరు తడిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. రోజూ పైమట్టి మాత్రమే తడిపిన మొక్కకు వేళ్లన్నీ పైపొరలోనే ఉంటాయి, మే నెలలో ఎండ నేల మీద 50 డిగ్రీలు దాటినప్పుడు ముందుగా కాలిపోయేది ఆ పొరే. డ్రిప్పు వేసుకున్నవారు గంటకు రెండు లీటర్ల నీరు వదిలే డ్రిప్పర్లను ఎంచుకుని, వారానికొకసారి పైపు కొన మూతి విప్పి నీరు వదలాలి. ఉప్పు నీటి వల్ల రంధ్రాలు మూసుకుపోవడం మన దగ్గర మామూలే.

డ్రిప్పు లేనివారికి, ముఖ్యంగా పది పన్నెండు తీగ మొక్కలు పెంచుకునే ఇళ్లకు, మట్టికుండను మించిన సాధనం లేదు. ఎనిమిది నుంచి పది లీటర్లు పట్టే, రంగు గానీ నునుపు పూత గానీ లేని కుండను కొనాలి. పలమనేరు మట్టిపనికి పేరు. అక్కడి కుండలే కానక్కరలేదు, ఏ ఊరి కుమ్మరి చేసిన నీళ్లకుండైనా పనికొస్తుంది. కొన్న కుండను నింపి నీడలో గంటసేపు ఉంచితే బయటి గోడ చెమర్చాలి. చెమర్చని కుండ నీటిని బయటికి వదలదు, దాన్ని తోటకు తీసుకోకండి. పాదు నడుమ గొయ్యి తీసి, కుండను మెడ దాకా పాతి, చుట్టూ మట్టిని ఖాళీ లేకుండా కూరాలి, ఎందుకంటే కుండ గోడకు మట్టి ఆనకపోతే నీరు దాటదు. కుండకు జానెడు దూరంలో మూడు నాలుగు సొర లేదా కాకర విత్తనాలు వేసి, మొలక నిలదొక్కుకునేదాకా పైనుంచి కూడా తడపాలి. చుట్టూ మట్టి ఎండిన కొద్దీ కుండ గోడ గుండా నీరు ఊరుతుంది, మట్టి తడిగా ఉన్నంతసేపు ఊట తగ్గుతుంది. కొన్ని వారాలకు వేళ్లు కుండను వల అల్లినట్టు చుట్టుకుంటాయి. రెండు మూడు రోజులకొకసారి, సగానికి తగ్గకముందే నింపుతూ, మూతి మీద చిప్ప గానీ పలక గానీ కప్పి ఉంచాలి. తెరిచి ఉంచితే నీరు ఆవిరి కావడమే కాక దోమలు పెరుగుతాయి. వర్షాలు పడ్డాక కుండను పైకి తీసి కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి దాచుకుంటే ఉప్పుతో మూసుకున్న రంధ్రాలు చాలావరకు తెరుచుకుంటాయి.

నేల మీద కప్పు, నెత్తిన నీడ

బాగా తడిపిన మడి మీద మూడు నాలుగు అంగుళాల మందాన ఎండు పదార్థం పరచడం వేసవి సాగులో అతి చవకైన, అతి ఎక్కువ ఫలితమిచ్చే పని. చెరకు ఎండాకు, వేరుశనగ తొక్కలు, వరిగడ్డి, మామిడి ఆకులు, కొబ్బరి పీచు, వీటిలో ఏది దగ్గరలో దొరికితే అది చాలు. పొడి నేల మీద పరిస్తే పొడినే కాపాడినట్టవుతుంది గనుక ముందు తడిపి ఆ తర్వాతే కప్పాలి. మొక్క కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి. ఎర్ర నేలల్లో చెదల బెడద ఉన్నచోట కప్పు కింద వేపపిండి చల్లడం, కప్పులో వేపాకు కలపడం మంచిది. మరొక మాట, ఇది తప్పక గుర్తుంచుకోవాలి: ఎండకు తాళలేక తేళ్లు, జెర్రులు, ఒక్కోసారి పాములు ఆ చల్లటి కప్పు కిందికే చేరతాయి. కర్రతో కదిపి చూడకుండా చేయి పెట్టకండి, పిల్లలను పెట్టనివ్వకండి.

నీడ వల పట్టే ముందు పొద్దు నడక తెలుసుకోవాలి. మన అక్షాంశంలో ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తర్వాత జూలై దాటేదాకా మిట్టమధ్యాహ్నం కొద్దిగా ఉత్తరం వైపు ఒరిగే ఉంటాడు. అందువల్ల చలికాలంలో ఇంటికి ఉత్తరాన చల్లగా నీడలో ఉన్న జాగా మే నెలలో పూర్తి ఎండలో పడుతుంది. జనవరిలో నీడ చూసి అక్కడ ఆకుకూర మడి కట్టినవారు ఏప్రిల్ ఆఖరున ఆశ్చర్యపోతారు. కాయగూరలకు 35 శాతం, ఆకుకూరలకు 50 శాతం నీడనిచ్చే వల సరిపోతుంది. అంతకన్నా చిక్కటి వల వేస్తే మొక్క సాగిపోయి పూత తగ్గుతుంది. వలను మొక్కల మీద ఆనించకుండా కనీసం ఏడడుగుల ఎత్తున, గాలి ఆడేలా కట్టాలి. పడమటి పక్కన మాత్రం కిందిదాకా దించాలి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు వాలుగా కొట్టే ఎండ, దానితో వచ్చే వడగాలి చేసే హాని నడినెత్తి ఎండ చేసేదానికి తీసిపోదు.

ముందుచూపు ఉన్నవారు వలకు బదులు పడమటి గట్టు మీద అవిసె, మునగ, ఆముదం, మొక్కజొన్న వరుసలు పెంచుకుంటారు. బీర, కాకర పందిరి కిందే తోటకూర, పుదీనా పెంచడం ఇంకా తెలివైన పని. పందిరి కాపు కాస్తూనే కింది మడికి నీడనిస్తుంది, రెండు పంటలకూ ఒకే నీరు సరిపోతుంది. కొత్తిమీర మాత్రం ఆ నీడలోనూ ఎండలకు త్వరగా పూతకు వస్తుంది. ఆకు అందినంతవరకు కోసుకోవడమే.

ఏ పంటకు ఏ జాగ్రత్త

బెండ విత్తనాన్ని రాత్రంతా నానబెట్టి, అడుగున్నర వరుసల్లో జానెడు ఎడంతో వేయాలి. 45 నుంచి 50 రోజుల్లో కోత మొదలవుతుంది. రోజు విడిచి రోజు కోయాలి, ముదిరిన కాయ ఒక్కటి చెట్టు మీద మిగిలినా కొత్త పూత మందగిస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు దీనికి పెద్ద శత్రువు. ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్కను జాలిపడకుండా వేళ్లతో సహా పీకేయాలి. గోరుచిక్కుడు, అలసంద ఈ కాలానికి పుట్టినట్టే ఉంటాయి. గోరుచిక్కుడులో పూసా నవ్‌బహార్ రకం ఇంటి తోటకు బాగుంటుంది. వీటికి నీరు కాస్త తగ్గినా నష్టం లేదు, ఎక్కువైతేనే ఆకు పెరిగి కాయ తగ్గుతుంది. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో చేతికొస్తుంది గనుక పది రోజులకొకసారి చిన్న చిన్న మడుల్లో వేస్తూ పోతే వేసవంతా ఇంట్లో ఆకుకూరకు లోటుండదు. గోంగూర, బచ్చలి, పొన్నగంటి కూడా నిలుస్తాయి. పాలకూరకు చిక్కటి నీడ కావాలి. మునగకు నీరు ఎక్కువ పెడితే పూత రాలుతుంది, దాన్ని దాని మానాన వదిలేయండి.

సొర, బీర, కాకరల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తీగ పచ్చగా పాకి కాయ ఒక్కటీ నిలవని తోటలు మనకు చాలా కనిపిస్తాయి. ఎండ పెరిగి పొద్దు పొడవైనకొద్దీ ఈ జాతుల్లో మగపూలు ఎక్కువవుతాయి, ఆడపూలు తగ్గుతాయి. సొర తీగ ఏడెనిమిది ఆకులు వేశాక దాని కొన గిల్లితే పక్క తీగలు వస్తాయి. ఆడపూలు ఎక్కువగా ఆ పక్క తీగల మీదే పూస్తాయి. వచ్చిన ఆడపూలకు కూడా పుప్పొడి అందాలి. కాకర, దోస, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి, తేనెటీగలు ఆ పని చేసిపెడతాయి. సొర, బీర పూలు విచ్చేది సాయంత్రం. మిద్దెల మీద, ఇళ్ల నడుమ ఆ వేళకు వాలే పురుగులు తక్కువ గనుక ఆ పని మనమే చేయాలి. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో తెల్లగా విచ్చిన సొర పూలను దగ్గరగా చూడండి. సన్నటి పొడుగు కాడ మీద నిలిచినది మగపువ్వు. పువ్వు వెనక నూగుతో నిండిన వేలెడంత పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వును కోసి, రెక్కలు తుంచేసి, నడుమ మిగిలిన పుప్పొడి కాడను ఆడపువ్వు లోపలి మూడు చీలికల ముద్ద మీద మెత్తగా అద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో పిందె కాడ కిందికి వంగి బరువెక్కితే కాయ నిలిచినట్టు. పసుపెక్కి ముడుచుకుంటే పుప్పొడి అందలేదన్నమాట.

ఈ జాతులకు పండు ఈగ బెడద కూడా ఉంది. ఈగ కుట్టిన కాయ వంకరపోయి, లోపల పురుగుతో కుళ్లి రాలుతుంది. రాలినవాటిని ఎరువు గుంటలో వేయకుండా, పాలిథిన్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయాలి, లేకపోతే అవే మళ్లీ ఈగలై వస్తాయి. క్యూ లూర్ ఎర పెట్టిన బుట్ట ఒకటి పందిరికి వేలాడదీసి, లేత పిందెలకు కాగితపు సంచి తొడిగితే చాలావరకు కాపాడుకోవచ్చు.

పురుగులు

వేడి, పొడి గాలి కలిసిన రోజుల్లో ఎర్రనల్లి, తామర పురుగు, పిండినల్లి విజృంభిస్తాయి. వంగ, బెండ ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు కనిపిస్తే కింద తెల్ల కాగితం పట్టి ఆకును తట్టండి. కాగితం మీద రాలిన దుమ్ము కదులుతుంటే అది ఎర్రనల్లి. తెల్లవారుజామున ఆకుల అడుగు భాగానికి నీటిని గట్టిగా చిమ్మడం దీనికి తొలి వైద్యం, చాలాసార్లు అదే చాలు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి పొద్దు గూకాకే చల్లాలి. పగటి ఎండలో నూనె చల్లితే ఆకు మాడుతుంది. గంధకం పొడి మందులను 35 డిగ్రీలు దాటిన రోజుల్లో అసలు వాడకూడదు, తీగ జాతులను అవి కాల్చేస్తాయి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు మొక్క కొనల ఎత్తున కట్టాలి. కొండకు దగ్గర ఇళ్లలో కోతుల నుంచి కాపాడుకోవడానికి వల కప్పడం తప్ప నమ్మదగ్గ మార్గం కనబడదు.

మిద్దె తోట

మిద్దె మీద కుండీలో వేరుకు లోతుకు పారిపోయే దారి ఉండదు. అందువల్ల నేల తోటకన్నా ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి. కాయగూరలకు 15 నుంచి 20 లీటర్లకు తగ్గని తెల్ల సంచులు వాడాలి, నల్లవి వేడిని లాగుతాయి. పగలంతా కాగిన మిద్దె రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటుంది గనుక సంచులను ఇటుకల మీద గానీ పలకల మీద గానీ పెట్టి కింద గాలి ఆడనివ్వాలి. వాటిని దూరం దూరంగా కాక గుంపుగా చేర్చి, పడమటి వరుస బయటి పక్కలకు తడి గోనెసంచులు చుట్టాలి. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపిన మిశ్రమం సరిపోతుంది. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్లు మార్చి కడగకపోతే దానిలోని ఉప్పు మొలకను చంపుతుంది. తడిసిన 20 లీటర్ల సంచి పాతిక కిలోల దాకా తూగుతుంది. మిద్దె నడిమధ్యలో కాక, కింద గోడలు, దూలాలు ఉన్నచోటే వరుసలు పేర్చుకోవాలి. మేలో కుండీలకు ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీరు తప్పదు.

కర్తరి, ఆ తర్వాత

మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా ఉండే కర్తరిలో, దాని చివర్లోనే మొదలయ్యే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కొత్త పనులు ఏవీ పెట్టుకోకూడదు. నాటడం, మట్టి తవ్వడం, కొమ్మలు కత్తిరించడం, ఎరువు వేయడం అన్నీ ఆపి, నీరు, కప్పు, నీడ ఈ మూడింటినే కనిపెట్టుకుని ఉండాలి. ఎండిన పై ఆకులను కూడా తుంచవద్దు, కింద ఉన్న లేత కాయకు అవే గొడుగు. కోతలు మాత్రం తెల్లవారగానే చేసి, తడిగుడ్డ కప్పిన బుట్టలో ఉంచాలి.

ఈ రోజుల్లోనే సాయంత్రాలు ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు, మామిడి కాయలు రాల్చే జల్లు వస్తాయి. మబ్బు కమ్మినప్పుడు నీడ వలను ఒక పక్కకు లాగి కట్టేయాలి, లేకపోతే గాలికి వల, గుంజలు, పందిరి కలిసి మొక్కల మీద పడతాయి. జల్లు పడిన మర్నాడు పల్లపు మడుల్లో నీరు నిలిచి ఉంటే గట్టు కొద్దిగా తెంపి వదిలేయాలి.

జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె వచ్చి గాలి మారాక నీడ వల తీసేసి, కప్పుగా పరిచిన ఆకును మట్టిలో కలిపేయండి. ఎండలను ఓర్చి చివరిదాకా కాసిన బెండ, గోరుచిక్కుడు మొక్కల్లో దృఢమైనవి రెండు మూడింటిని ఎంచి, వాటి కాయలను చెట్టు మీదే ఎండనిచ్చి, విత్తనం తీసి, బూడిద కలిపి సీసాలో దాచుకోండి. సంకరజాతి విత్తనాలు కొని వేసినవారికి మాత్రం ఇది పనికిరాదు. వంగ మొక్కలను పీకేయకండి. నేల నుంచి అడుగు ఎత్తుకు కత్తిరించి, చుట్టూ మట్టి గుల్లచేసి, రెండు దోసిళ్ల మాగిన ఎరువు, ఒక తడి ఇస్తే మూడు వారాల్లో కొత్త చిగుళ్లు వేసి, మళ్లీ పూతకు వస్తాయి.